పాట కింద పడనీకే

చిలకలూరిపేట దాటి గుంటూరు వైపు వస్తుంటే హైవే పక్కన మిరపకాయల షెడ్డు ఒకటుంది. బస్సు దాని ముందు నుంచి వెళ్ళేటప్పుడు కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు తుమ్మి తీరాల్సిందే. ఆ షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయలకు తొడిమలు తీస్తారు. చేతులకు ఆముదం, మొహానికి తువ్వాలు, బయటికి కనిపించేవి కళ్ళు మాత్రమే. అంత ఘాటులోనూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడ పాట ఆగదు.

ఆ పాటకు ఒక కట్టుబాటు ఉంది. కాయల రాశి కదిపినప్పుడల్లా కారం ధూళి లేస్తుంది. పాడుతున్న మనిషికి గొంతు పట్టేసి దగ్గు తన్నుకొస్తుంది. దగ్గొచ్చిన మనిషి చటుక్కున ఆపేయాలి. పక్కన కూర్చున్న మనిషి ఆ మాట దగ్గర నుంచే అందుకోవాలి. ఆమెకూ దగ్గొస్తే ఆ పక్కావిడ. అలా వరస చివరిదాకా వెళ్ళి పాట మళ్ళీ వెనక్కి వస్తుంది. ఎవరి దగ్గరైనా తెగిపోయిందో, "పాట కింద పడేసింది" అంటారు, చంటిబిడ్డను జారవిడిచిన మనిషిని అన్నంత కోపంగా. కల్లాల్లో కాయ ఎండబోసే రోజుల నుంచీ అత్తలు కోడళ్ళకు నేర్పుతూ వచ్చిన పద్ధతి అది.

ఆ వరసకు చిట్టచివర, తలుపు దగ్గర కూర్చునే మనిషి కోటేశ్వరి. ఆమె చోటు అక్కడ ఉండటానికి కారణం ఉంది. ఆమె దాకా వస్తే పాట కింద పడుతుంది. ఎంతమంది మోచేతులతో పొడిచినా ఆమె నోరు విప్పదు. చూసి చూసి విసిగిపోయిన మేస్త్రి హయాత్ ఆమెను తీసుకెళ్ళి చివర కూర్చోబెట్టాడు. పాట ఆమె పక్కనున్న మాణిక్యమ్మ దాకా వచ్చి, గోడ తగిలినట్టు వెనక్కి తిరిగేది.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పాటంటే కోటేశ్వరి అని ఎవరైనా చెబితే కొత్తగా చేరిన పిల్లలు నమ్మేవాళ్ళు కాదు.

*

కోటప్పకొండ దేవుడికి మొక్కుకుంటే పుట్టిందని ఆమెకా పేరు పెట్టారు. తూమాటిపాలెం చెంచురామయ్యతో పెళ్ళయింది. అతనికి కాస్త కౌలు సేద్యం, ఒక ట్రాక్టరు. కొత్తకోడలు కల్లంలో పాడుతుంటే పక్క కల్లంవాళ్ళు పని ఆపి వినేవాళ్ళు. పాతవి పాడి పాడి విసుగొచ్చి తనే ఒక పాట కట్టింది.

*కాయ కోసిన చేయి కంట పెట్టకే పిల్లా*
*కంట నీరు చూసి లోకం నవ్వుతాదే పిల్లా*
*నవ్వితే నవ్వనీ, నా గొంతు మండనీ,*
*అందుకోవే పిల్లా, పాట కింద పడనీకే!*

అది ఊళ్ళో అందరి నోళ్ళలో నానింది. ఆ ఏడు శివరాత్రి తిరునాళ్ళకు ఊరి ప్రభ మీద కోటేశ్వరే పాడాలని పెద్దలు తీర్మానించారు.

ప్రభ అంటే కొండ దగ్గరకు ఒక్కో ఊరివాళ్ళు కట్టుకుని తీసుకెళ్ళే వెదురు గోపురం. తాటిచెట్టును మించిన ఎత్తు, ఒళ్ళంతా రంగుల బల్బులు, కింద చక్రాలు, ముందు పాటకూ ఆటకూ ఒక మెట్టు. ట్రాక్టర్లతో లాక్కెళ్ళి కొండ కింద పక్కపక్కనే నిలబెడతారు. ఇక అక్కడి నుంచి భక్తి ఒక పాలు, పంతం మూడు పాళ్ళు. ఎవరి ప్రభ ఎత్తు, ఎవరి మైకు మోత, ఎవరి పాటకు జనం తిరిగారు అన్నదే లెక్క. తూమాటిపాలేనికి తాతల కాలం నుంచి పోటీ నల్లగుంటపాడుతో. ఆ ఊరి ప్రభ మీద మైకు బుల్లయ్యది. అతని నోటికి హద్దూ అదుపూ లేవు.

తిరునాళ్ళ నాడు మధ్యాహ్నం మబ్బు పట్టింది. కల్లంలో కాయ తడిస్తే ఏడాది కష్టం బూజు పడుతుంది. కోటేశ్వరి కొత్త చీర మడతమీదే వదిలేసి కల్లానికి పరిగెత్తింది. కాయ కుప్ప చేసి పట్టాలు కప్పి, చీర మార్చుకుని, ఆ గొంతుతోనే ప్రభ ఎక్కింది. నిండా కారం పీల్చిన గొంతు అది.

మొదటి రెండు చరణాలకే జనం ఇటు తిరిగారు. మూడోసారి పల్లవికి వచ్చింది. "నవ్వితే నవ్వనీ, నా గొంతు మండనీ" అనగానే దగ్గు వచ్చింది. ఆమె చటుక్కున ఆపేసింది. ఆపి, అలవాటుగా ఎడమవైపు తిరిగి చూసింది, ఎవరో ఒకరు అందుకుంటారని.

ఎడమవైపు డప్పు వాయించే మార్కు ఉన్నాడు. ఆయన ఆమె వంక చూశాడు. ఆమె ఆయన వంక చూసింది. ఆయనకు డప్పు తప్ప ఇంకేమీ తెలియదు. ఆమె ఆపిందని ఆయనా ఆపేశాడు.

అంత తిరునాళ్ళలో తూమాటిపాలెం ప్రభ ఒక్కటి మూగబోయింది. ఆమె మాత్రం ఎదురుచూస్తూనే ఉంది. కల్లంలో పాటెప్పుడూ కింద పడలేదు మరి. పడుతుందని ఆమెకు తట్టనే లేదు. తేరుకుని నోరు తెరిచేసరికి పక్క ప్రభ మీద నుంచి బుల్లయ్య గొంతు ఖంగుమంది.

"అరెరెరె! తూమాటిపాలెం వాళ్ళ రేడియోకి బ్యాటరీ అయిపోయినట్టుందిరోయ్! ఎవరన్నా రెండు సెల్లులు దానం చెయ్యండయ్యా, పుణ్యం వచ్చుద్ది!"

జనం విరగబడి నవ్వారు. సొంత ఊరివాళ్ళూ నవ్వారు.

ఇంటికొచ్చాక పెద్దలు "పరువు తీసింది" అన్నారు. చెంచురామయ్య తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "పోనీలే. ఇంకెప్పుడూ ఎక్కబాకు" అన్నాడు. ఆ మాటే తిట్టుకన్నా లోతుగా దిగింది. చెరువుకెళ్ళినా సంతకెళ్ళినా "బ్యాటరీ కోటేశ్వరి" అన్న పేరు ఆమె కన్నా ముందు వెళ్ళేది. ఆమె పాట మానేసింది. ప్రభ మీదే కాదు, కల్లంలో, షెడ్డులో, చివరికి కూతురు ధనశ్రీని నిద్రపుచ్చే వేళ కూడా. ఆ పిల్ల లాలిపాట వినకుండానే పెరిగి, గుంటూరు వెళ్ళి డిగ్రీలో చేరింది.

*

మళ్ళీ నోరు విప్పించింది మాణిక్యమ్మ దగ్గు.

ఆ పూట హమాలీలు బాగా ఘాటైన కాయ తెచ్చి కుమ్మరించారు. ఎర్రటి పొగలాగా లేచింది. వరసంతా ఒక్కసారే దగ్గు. ఒకరి నుంచి ఒకరికి ఉరుకుతూ పాట మాణిక్యమ్మ దగ్గరికి వచ్చింది. అరవై దాటిన మనిషి, ఆ షెడ్డులో ఎన్నడూ పాట కింద పడేయనిది. ఒక మాట అందుకుందో లేదో ఊపిరాడక ముందుకు వంగిపోయింది. వెనక్కి పంపుదామంటే అటు అందరూ దగ్గుతున్నారు. ఆమె తలెత్తి కోటేశ్వరి వంక చూసింది. అడగలేదు. చూసిందంతే. కళ్ళలో నీళ్ళు కారానికో, భయానికో.

ఆ చూపు కోటేశ్వరికి తెలుసు. ప్రభ మీద తను చూసిన చూపే అది.

అందుకుంది.

వచ్చిన గొంతు ఆమెకే కొత్తగా ఉంది. వెనకటి తీపి లేదు. గరుకుగా, మందంగా, తిరగలిరాయి కదిలినట్టుంది. అయినా ఆపలేదు. పాతపాట అయిపోతే తన పాట ఎత్తుకుంది. దగ్గులు తగ్గాక కూడా ఎవరూ అడ్డం రాలేదు.

"ఓసి నీ దుంపతెగ! ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ దాచావే?" అంది మాణిక్యమ్మ, కళ్ళు తుడుచుకోబోయి చేతి కారం గుర్తొచ్చి ఆగిపోతూ.

"దాయలేదత్తా. తుప్పు పట్టింది."

"కొడవలికి తుప్పు పడితే గడ్డి నవ్వుద్దా? నూరుకుని కొయ్యి."

మర్నాడు హయాత్ ఆమెను తలుపు దగ్గర నుంచి లేపి వరస మధ్యకు తెచ్చాడు. "ఇక్కడ కూర్చోమ్మా. అక్కడ గాలికి పాట బయటికి పోతోంది" అన్నాడు.

*

ధనశ్రీ సెలవుకొచ్చి, అమ్మకు అన్నం క్యారియరు ఇవ్వడానికి షెడ్డుకు వెళ్ళి, గుమ్మంలోనే నిలబడిపోయింది. తరవాత ఆ పాటను ఫోనులో పట్టుకుని గుంటూరు తీసుకెళ్ళింది. ఆమె కాలేజీ సీనియర్ సాయిగణేష్ బ్రాడీపేటలో జిరాక్సు షాపు మీది గదిలో చిన్న స్టూడియో నడుపుతున్నాడు. గోడలకు కోడిగుడ్ల అట్టలు, మధ్యలో ఒకటే మైకు. జానపదాలు రికార్డు చేసి యూట్యూబులో పెడతాడు. "ట్యూన్ సూపర్. ఆంటీని తీసుకురా" అన్నాడు.

కోటేశ్వరి షెడ్డులో పని దిగి, గొంతులో కారంతోనే వెళ్ళింది, పాడింది, దగ్గొచ్చిన చోట ఆగింది, వచ్చేసింది. వారం తిరక్కముందే పాట ఫోనుకొచ్చింది. భోజనాల వేళ షెడ్డులో అందరూ చుట్టూ చేరి విన్నారు.

"బాగానే ఉందే. ఎవరీ పిల్ల?" అంది మాణిక్యమ్మ.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ నిజంగానే అడిగింది. గరుకంతా చిత్రికపట్టి, గొంతును పదహారేళ్ళ పిల్ల గొంతులా చేశాడు. అదన్నా పోనీ అనుకునేది కోటేశ్వరి. "నా గొంతు మండనీ" అన్న చోట దగ్గూ లేదు, ఆగడమూ లేదు. ఆ సందు కత్తిరించి రెండు ముక్కలూ అతికించేశాడు.

మర్నాడు పని మానేసి బస్సెక్కింది. స్టూడియో మెట్లెక్కేసరికి ధనశ్రీ అక్కడే ఉంది.

"బాబూ, దగ్గేదయ్యా?" అంది, కూర్చోకుండానే.

"తీసేశా ఆంటీ. వాయిస్ కూడా క్లీన్ చేశా. ఎలా ఉంది?"

"ఎవరిదో లాగా ఉంది. నాది నాకు పెట్టెయ్."

సాయిగణేష్ కుర్చీ తిప్పి నవ్వాడు. "ఆంటీ, కరోనా తరవాత దగ్గు వినపడితే జనం పక్కకు జరుగుతున్నారు. మీరేమో పాటలో పెట్టమంటున్నారు. పైగా మధ్యలో ఆగిపోయారు. వినేవాళ్ళు మీరు తప్పు పాడారనుకుంటారు."

"అనుకున్నారు" అంది కోటేశ్వరి. "కొండ కింద అన్ని ఊళ్ళవాళ్ళూ అనుకున్నారు. మా ఊరోళ్ళు అనుకున్నారు. చివరికి నేనూ అనుకుని నోరు కుట్టేసుకున్నా. అది తప్పు కాదయ్యా. మా దగ్గర పాటంటే అదే. ఒకళ్ళు ఆగాలి, ఇంకొకళ్ళు అందుకోవాలి. నువ్వు ఆ ఆగేచోటే కత్తిరిస్తే ఇంక అందుకోవడానికి ఏముంది?"

"అమ్మా, నెమ్మదిగా" అంది ధనశ్రీ.

"నెమ్మదిగా ఉండే కదే ఇన్నేళ్ళు పోయింది! చూడు బాబూ, దగ్గుతో పెడతావా, పెట్టు. లేదంటే తుడిచెయ్. ఈ పదహారేళ్ళ పిల్లకు నా పేరు తగిలించబాకు."

దడదడా మెట్లు దిగి వెళ్ళిపోయింది. సాయిగణేష్ మొహం మాడ్చుకుని, "మీ అమ్మకు మార్కెట్ తెలీదు" అన్నాడు. ధనశ్రీ తన ఫోను తీసింది. షెడ్డులో ఫోనుతో పట్టినదాన్ని మొదటి నుంచీ వినిపించింది. ఇదివరకు అతను రాగం కోసం నాలుగు ముక్కలు విని ఆపేశాడు. ఈసారి పాట వరసంతా తిరిగింది. ఒక గొంతు తెగడం, ఇంకో గొంతు అందుకోవడం, అది తెగడం, మరొకటి లేవడం. అయిపోయాక అతను కాసేపు తల గోక్కున్నాడు.

"వీళ్ళందర్నీ తీసుకురాగలరా?"

ఆదివారం చెంచురామయ్య ట్రాక్టరు ట్రక్కులో షెడ్డు ఆడవాళ్ళు అయిదుగురు బ్రాడీపేటలో దిగారు. ఒక్క మైకు చుట్టూ పెళ్ళిలో వధువు చుట్టూ నిలబడ్డట్టు నిలబడ్డారు. కోటేశ్వరి మొదలుపెట్టింది. "నా గొంతు మండనీ" దాకా వచ్చింది. దగ్గు రాలేదు. చల్లటి ఏసీ గది, అగరొత్తి వాసన. దగ్గెక్కడి నుంచి వస్తుంది?

"ఊరికే దగ్గండి ఆంటీ, సరిపోతుంది" అన్నాడు సాయిగణేష్.

"దొంగ దగ్గు నాకు రాదు."

"నాకు తెలుసులే ఇట్టా అయిద్దని" అంటూ మాణిక్యమ్మ కొంగుముడి విప్పింది. గుప్పెడు ఎండుమిరపకాయలు. వాటిని అరచేతుల మధ్య నలిపి, చేటలో చెరిగినట్టు ఒక్క ఊపు ఊపింది. మూసిన గది, ఎటూ పోవడానికి లేని ఘాటు. అందరికన్నా ముందు దగ్గింది సాయిగణేష్. కుర్చీలోంచి లేచి, గోడలు తడుముకుంటూ, "తలుపు... తలుపు..." అంటూ బయటపడ్డాడు. అతను వదిలేసిన మీటల ముందు ధనశ్రీ ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చుంది. కోటేశ్వరి మళ్ళీ ఎత్తుకుంది. దగ్గు నిజంగా వచ్చింది. ఆగింది. ఎడమవైపు చూసింది.

మాణిక్యమ్మ అందుకుంది.

విడుదలైన పాటలో చెవి పెట్టి వింటే మొదట్లో ఒక మగ దగ్గు వినిపిస్తుంది. సాయిగణేష్ తన దగ్గును అలాగే ఉంచేశాడు.

*

మొదట్లో తిట్లే వచ్చాయి. "మైకు పాడైందా?" అని ఒకరు, "ఈమెకు దగ్గు మందు పంపండి" అని ఇంకొకరు. ధనశ్రీ చదివి వినిపిస్తుంటే కోటేశ్వరి తొడిమలు తీస్తూ, "చదవవే, ఇంకా చదువు. బుల్లయ్యను విన్న చెవులివి" అంది.

తరవాత ఎలా అంటుకుందో ఎవరికీ తెలియదు. గుంటూరు మిర్చి యార్డులో హమాలీలు టిక్కీ బస్తాలు మోస్తూ పెట్టుకున్నారు. లారీ డ్రైవర్లు ఎత్తుకుపోయారు. ఆటోల్లో, కోతలకెళ్ళే ట్రక్కుల్లో, సెల్ ఫోన్ల రింగుల్లో అదే. కాలేజీ బస్సుల్లో పిల్లలకు అదొక ఆటైంది. ముందు సీట్లవాళ్ళు "మండనీ" అని టక్కున ఆపితే వెనక సీట్లవాళ్ళు అందుకోవాలి. అందుకోలేకపోతే పరువు పోయినట్టే. చీరాలలో మగ్గాల దగ్గర కూడా పాడుకుంటున్నారని ఎవరో చెప్పారు.

ఆ మోత నల్లగుంటపాడుకూ చేరింది. "గదిలో దాక్కుని దగ్గడం గొప్పా? దమ్ముంటే నా ఎదురుగా ప్రభ మీద పాడమనండి" అన్నాడట బుల్లయ్య.

శివరాత్రి దగ్గర పడగానే ప్రభ పెద్ద శివరామకృష్ణ నలుగురిని వెంటేసుకుని కోటేశ్వరి ఇంటికి వచ్చాడు.

"ఈసారి నువ్వే పాడాలమ్మా. ఊరి పరువు నీ చేతిలో ఉంది."

"అప్పుడు తీసింది నేనేనంట కదండీ?"

శివరామకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "పాత సంగతులెందుకులే. ఒక్కటే మాట. మెట్టు మీద ఒక్కదానివే ఉంటావు. మిగతావాళ్ళకు చోటు లేదు. అందుకని ఆ ఆగడం మాత్రం వద్దు. నువ్వాగావంటే బుల్లయ్య ఊరుకోడు. మనవాళ్ళు పాట బాక్సుల్లో వేస్తారు, నువ్వు ఊరికే పెదాలు కదిపితే చాలు."

"ఆగుతానండీ" అంది కోటేశ్వరి. "ఎక్కడ ఆగానో అక్కడే ఆగుతాను. ఇష్టమైతే పిలవండి, లేకపోతే బాక్సుల్నే ప్రభ ఎక్కించుకోండి."

"అది కాదమ్మా, అంతమంది జనంలో ఎవరూ అందుకోకపోతే?"

అప్పటిదాకా అరుగు మీద కూర్చుని ట్రాక్టరు బోల్టు తుడుచుకుంటున్న చెంచురామయ్య తలెత్తాడు. "ఆమె ఆగుద్దంట బాబాయ్. వినపళ్ళా? ప్రభ లాగే ట్రాక్టరు నాది. ఆమె ఎక్కకపోతే అదీ ఆగుద్ది."

కోటేశ్వరి మొగుడి వంక చూసింది. అతను మళ్ళీ బోల్టు మీదికి వంగాడు, చెవులు ఎర్రబడ్డాయి.

*

శివరాత్రి నాటి సాయంత్రం. ప్రభల బల్బులు అప్పుడే వెలుగుతున్నాయి. కొండ కింద ఇసక వేస్తే రాలనంత జనం. షెడ్డు ఆడవాళ్ళు మాణిక్యమ్మతో సహా వేరే ట్రక్కులో బయల్దేరారు. అది రద్దీలో ఎక్కడో చిక్కుకుపోయిందని కబురొచ్చింది. మెట్టెక్కిన కోటేశ్వరి ఎడమవైపు చూసింది. ముసలివాడైపోయిన మార్కు, అదే డప్పు.

"అమ్మాయ్, ఈసారి నువ్వాగినా నేను ఆపను" అన్నాడు మెల్లగా.

పక్క ప్రభ మీద బుల్లయ్య జుట్టు నెరిసింది గానీ నోరు నెరవలేదు. "వచ్చిందిరోయ్ బ్యాటరీ కోటేశ్వరి! ఛార్జింగ్ పెట్టుకొచ్చావా అమ్మాయ్?"

అందరి మొహాలూ ఇటు తిరిగాయి. కోటేశ్వరి మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"బుల్లయ్య బాబాయ్, బాగున్నావా? పాడతా, మధ్యలో ఆగుతా. కావాలనే ఆగుతా. నీ నోరు అందుకోగలదో, ఊరికే వాగగలదో ఇవ్వాళ తేలిపోద్ది."

ఈల పడింది. ఆమె ఎత్తుకుంది. ఆ గరుకు గొంతు బాక్సుల్లోంచి వస్తుంటే చీపురుతో కల్లం ఊడ్చినట్టు మిగతా ప్రభల మోత పక్కకు పోయింది. ఒక చరణం. రెండో చరణం. మళ్ళీ పల్లవి. "నవ్వితే నవ్వనీ, నా గొంతు మండనీ..."

దగ్గు రాలేదు. గొంతు హాయిగా ఉంది. నిలపకుండా పాడేసి గెలిచినట్టు దిగిపోవచ్చు. కింద శివరామకృష్ణ రెండు చేతులూ ఊపుతూ, పాడు పాడు అని సైగ చేస్తున్నాడు.

ఆగింది. మైకు కిందికి దించేసింది.

డప్పు మోగుతూనే ఉంది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బస్సులో పాడటం వేరు, అన్ని వేల మంది ముందు మొదటి గొంతు ఎత్తడం వేరు. ఆమె డప్పు దెబ్బలు లెక్కపెడుతూ నిలబడింది. మైకు మాత్రం పైకెత్తలేదు.

"చెప్పానా! అయిపోయిందిరోయ్ బ్యా..."

బుల్లయ్య మాట పూర్తి కాలేదు. అతని కాళ్ళ కిందే, నల్లగుంటపాడు ప్రభను ఆనుకుని నిలబడ్డ ఒక ట్రక్కులోంచి, ముక్కూమొహం తెలియని ఆడమనిషి గొంతు లేచింది. ఆమెదీ కల్లంలో మండిన గొంతే.

*అందుకోవే పిల్లా...*

ఆ ట్రక్కంతా కలిసింది. "ఏందే మీరు, మన ఊరి పేరు..." అని బుల్లయ్య మైకులో గద్దించబోతే, "నువ్వు నోర్ముయ్ బుల్లయ్యా, పాట కింద పడుద్ది!" అని కింద నుంచి కేక వచ్చింది. అది కూడా అతని మైకులోనే అందరికీ వినిపించింది. నవ్వులు. ఆ నవ్వుల మీదుగానే పాట పక్క ట్రక్కుకు, అక్కడి నుంచి బొమ్మల దుకాణాలకు, కొండ మెట్ల మీది జనానికి పాకింది. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగి వస్తోంది. దారిలో చిక్కుకున్న ట్రక్కు ఎక్కడుందో గానీ, అటు నుంచి మాణిక్యమ్మ గొంతు కూడా తనకు వినిపించిందని కోటేశ్వరి తరవాత ఒట్టేసి మరీ చెప్పింది.

ఆమె తొందరపడలేదు. పక్కనున్న సీసా తీసుకుని, మూత తిప్పి, ప్రభ మెట్టు మీద నిలబడే నింపాదిగా నీళ్ళు తాగింది. కింద ట్రాక్టరు సీటు మీద చెంచురామయ్య లేచి నిలబడి, తాళం తప్పుతూ పాడుతున్నాడు. పాట తిరిగి తిరిగి ఆమె దగ్గరకు వచ్చేసింది. ఆమె పెదాలు తుడుచుకుని, మైకు ఎత్తి, పక్క ప్రభ వైపు చెయ్యి చాపింది.

"బుల్లయ్య బాబాయ్, నీ వంతు. కింద పడేయబాక!"